తప్పయింది, మన్నించగలరు

మా బాపు యేసుదానం రాయించిన క్షమాపణలన్నీ ఒకచోట పోస్తే మా ఇంటి కప్పు దాకా వస్తాయి. అందులో ఆయన సొంతానివి తక్కువ, ఊరివాళ్లవే ఎక్కువ. గోదావరిఖనిలో బొగ్గు గని కార్మికుడికి సంజాయిషీ అడిగే చార్జిషీటు రావడమంటే జలుబు చేసినంత మామూలు సంగతి. జాతరకు పోయి వారం రోజులు నాగా పెట్టినవాడికీ, కల్లు ఎక్కువై రాత్రి షిఫ్టు ఎగ్గొట్టినవాడికీ అదే కాగితం. అది పట్టుకుని అందరూ మా గడపకే వచ్చేవాళ్లు. బాపు కళ్లద్దాలు పెట్టుకుని చదివి, నవ్వి, జవాబు చెప్పేవాడు. వాళ్లు రాసుకునేవాళ్లు.

"ఎవరి అనుమతి లేకుండా నా ఇష్టప్రకారం నాగా పెట్టినది నిజమే. తప్పయింది. ఇకముందు ఇట్లాంటిది జరగదు. పెద్ద మనసుతో మన్నించగలరు."

ఎవరొచ్చినా ఇవే ముక్కలు. మేనేజరు చదివి, నాలుగు తిట్లు తిట్టి, ఒక వార్నింగు ఇచ్చి డ్యూటీకి పొమ్మనేవాడు. ఎవరిది రైటు, ఎవరిది తప్పు అన్న పంచాయితీయే ఉండేది కాదు. వంగితే అయిపోయేది. యేసుదానం దగ్గర రాయించుకున్నవాడి కొలువు పోదని మా కాలనీలో బాపుకు పెద్ద పేరు. ఆ పేరే మా కొంప ముంచింది.

నేను ఆయన కూతురు కెరోలిన్‌ని. ప్రైవేటు బడిలో తెలుగు చెప్తాను. నా నోటికి తాళం లేదని మా అమ్మ సుసన్నా చుట్టుపక్కల అందరికీ ముందే చెప్పి పెట్టింది కాబట్టి, మళ్లీ నేను చెప్పుకోనక్కర్లేదు. నా తమ్ముడు ఆకాశ్. డిప్లొమా చదివి, బాయిపని, అంటే గనిలో కొలువు, దొరక్క, రామగుండం దగ్గర రోడ్డు మీదున్న కార్ల షోరూంలో మెకానిక్కుగా చేరాడు. చేతులకు నలుపు ఎట్లాగూ తప్పలేదు గానీ కొడుకు నెత్తిన బండ కూలే భయమన్నా లేదని అమ్మ సంబరపడింది.

వాడి పని ఇప్పటి పని. సర్వీసుకు వచ్చిన కారుకు ల్యాప్‌టాప్ తగిలించి, లోపలి కంప్యూటరుకు కార్ల కంపెనీ పంపిన కొత్త ప్రోగ్రాం ఎక్కించాలి. ఎవరు ఎక్కించారో వాళ్ల పేరు మీద నమోదవుతుంది. ఒకసారి డీజిలు కార్ల కోసం పైనుంచి ఒక ప్రోగ్రాం వచ్చింది. సర్వీసుకు వచ్చిన ప్రతి డీజిలు బండికీ ఎక్కించండి, ఓనర్లను అడగనక్కర్లేదు అని షోరూం మేనేజరు జగదీశ్వర్ నోటిమాటగా చెప్పాడు. మిగతా మెకానిక్కులకు ల్యాప్‌టాప్ అంటే చిరాకు. అందరి వంతూ ఆకాశే ఎక్కించాడు. బండ్లు హుషారుగా ఉరికాయి. "ఏం మంత్రమేసినవ్ తమ్మీ, బండి గుర్రమైంది" అని ఓనర్లు వాడికి చాయ తాగించారు కూడా.

ఆ మంత్రం ఏమిటో తర్వాత తెలిసింది. పొగ పరీక్ష చేసేవాళ్లు వెనక గొట్టంలో పుల్ల పెట్టినంతసేపూ ఆ కారు బుద్ధిగా ఉంటుంది. రోడ్డెక్కగానే ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు విషం కక్కుతుంది. ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు చేతులు కట్టుకుని, ఆయన గేటు దాటగానే బెంచీలెక్కే మా ఆరో తరగతి పిల్లల లాంటి ప్రోగ్రాం అది.

కమాన్‌పూర్ వైపు ఓపెన్‌కాస్టు గనుల చుట్టూ తిరిగే అద్దె కార్లకు అధికారులు ఏదో మిషను కట్టి, నడుస్తుండగా కొలిచారు. దొంగతనం బయటపడింది. కేసయింది. పేపర్లో చదివి వినిపిస్తే మా అమ్మ నమ్మలేదు.

"ఉతికిన బట్టల మీద బొగ్గు, అన్నం గిన్నెల బొగ్గు, తుమ్మితే బొగ్గు. గీ ఊర్ల పొగకు కేసేందే?"

కార్ల కంపెనీ వాళ్లు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. మేం పంపిన ప్రోగ్రాం మంచిదే, రామగుండం వర్క్‌షాపులో ఎవరో దాన్ని మార్చి ఎక్కించారు అన్నారు. వేరే ఊళ్లలో వాళ్ల కార్లను ఎవరూ పట్టి చూడలేదు. చూసి ఉంటే కథ వేరేగా ఉండేది. ఆ వారమే ఆకాశ్ చేతికి చార్జిషీటు వచ్చింది. అనుమతి లేకుండా ప్రోగ్రాం మార్చి ఎక్కించావు, నీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పు అని.

వాడు ముఖం పాలిపోయి ఇంటికొచ్చాడు. బాపు కాగితం తీసుకుని మొత్తం చదివి, పక్కన పెట్టి, పగలబడి నవ్వాడు.

"గింతేనారా? చార్జిషీటేనా? నీ మొకం జూసి ఏమైందో అనుకున్న."

"బాపూ, ఇది కోర్టు కేసుతో ముడిపడ్డది. వకీలుకు సూపెట్టాలె" అన్నాను నేను.

"వకీలు ఎందుకు? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయితది. గోటితోని పొయ్యేదానికి గొడ్డలెందుకు బిడ్డా?"

"కానీ నేను తప్పు చెయ్యలే గదా బాపూ. జగదీశ్వరన్న ఎక్కియ్యమంటేనే ఎక్కించిన" అన్నాడు ఆకాశ్.

"తప్పు చేసినవా, చెయ్యలేదా అని ఎవలడుగుతున్నరురా? వంగినవా లేదా అని సూస్తరు."

ముప్పై ఏళ్లు బాయిలో పని చేసిన మనిషి. ఆయన బతుకులో ఆ మాట ఎన్నడూ తప్పు కాలేదు. అందుకే నా కోపం అప్పట్లో బాపు మీదికి పూర్తిగా పోలేదు. పెద్దల మాట చద్దన్నం మూట అంటారు. ఎవరి పొలానికి పోయేవాడికి ఎవరు కట్టిన మూటో మాత్రం చూసుకోవాలి.

ఆ సాయంత్రమే జగదీశ్వర్ మా ఇంటికి వచ్చాడు. అతను పోశం కాక కొడుకు. పోశం కాక, బాపు ఒకే బాయిలో, ఒకే షిఫ్టులో ఏళ్ల తరబడి పనిచేశారు. ఒకసారి పైకప్పు కూలితే బాపును కాళ్లు పట్టి బయటికి లాగింది పోశం కాకే. అందుకని జగదీశ్వర్ వస్తే మా ఇంట్లో కుర్చీ తుడిచి వేస్తారు.

"ఊకె ఫార్మాలిటీ కాకా" అన్నాడు చాయ తాగుతూ. "పైవాళ్లు అడుగుతున్నరు. ఆకాశ్ ఒక లెటర్ రాసిస్తే వార్నింగ్‌తోని కొట్టేస్తరు. నేనున్న గదా, ఫికర్ చెయ్యకున్రి."

"పోశం కొడుకువు. నీ మాట కాదంటమా?" అన్నాడు బాపు.

నాకు ఒళ్లు మండింది. "అట్లయితే అన్నా, నువ్వు ఎక్కియ్యమంటే ఎక్కించిన అని రాస్తడు. ఉన్నదే గదా?"

జగదీశ్వర్ కప్పు అడుగున ఏదో వెతికినట్టు చూశాడు. "గది రాస్తే ఎంక్వైరీ లంబా అయితది చెల్లె."

నేను మళ్లీ నోరు తెరిచేలోపే బాపు గద్దించాడు. "నువ్వూకో. చార్జిషీటు జవాబుల రెండో మనిషి పేరు రావద్దు. ఎవల తిప్పలు వాళ్లే పడాలె గని పక్కోన్ని ముంచద్దు. బాయిల మేం నేర్సుకున్నది గదే."

బాపు చెప్పాడు, ఆకాశ్ రాశాడు. ఎప్పటి మాటలే. నాగా అన్న చోట ప్రోగ్రాం వచ్చి చేరింది. "ఎవరి అనుమతి లేకుండా నా ఇష్టప్రకారం ప్రోగ్రాం మార్చి ఎక్కించినది నిజమే. తప్పయింది. ఇకముందు ఇట్లాంటిది జరగదు. పెద్ద మనసుతో మన్నించగలరు." మార్చి అన్న మాట దగ్గర ఆకాశ్ కలం ఆపాడు. "చార్జిషీటుల ఏమున్నదో జవాబుల గదే ఉండాలెరా, లేకుంటే సారుకు కోపమొస్తది" అన్నాడు బాపు. వాడు రాసి సంతకం పెట్టాడు. జగదీశ్వర్ దాన్ని మడత పడకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్నాడు. అంత జాగ్రత్త చూసి బాపు మురిసిపోయాడు.

వార్నింగు రాలేదు. ఉద్యోగం తీసేసినట్టు కాగితం వచ్చింది. వాడి లెటరును కార్ల కంపెనీ కోర్టుకు ఇచ్చింది. అమ్మ పెరట్లో దుప్పట్లు ఆరేస్తుంటే పోలీసులు వచ్చి, అన్నం ముందు కూర్చున్న ఆకాశ్‌ను తీసుకుపోయారు. బెయిలు దొరికేలోపు వాడు కొన్ని వారాలు కరీంనగర్ జైల్లో ఉన్నాడు.

బాపుకు అది అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు. "లెటర్ రాసిచ్చినంక గూడ కేసేంది?" అని కనబడ్డవాళ్లందరినీ అడిగాడు. షోరూంకు పోతే జగదీశ్వర్‌కు ప్రమోషన్ వచ్చి హైదరాబాద్ పోయాడన్నారు. ఫోను ఎత్తలేదు. పోశం కాక బతికి ఉంటే కొడుకు చెవి పట్టుకుని తెచ్చేవాడేమో, ఆయన పోయి చాలా కాలమైంది. యూనియన్ ఆఫీసుకు పోతే వాళ్లు కూర్చోబెట్టి మర్యాద చేశారు. "కాకా, గా ప్రైవేటోళ్ల కాడ మన జెండాను ఎవలు పట్టించుకుంటరు? మనది బాయి దాకనే" అన్నారు. ఆ మాట బాపు ఇంటికొచ్చి రెండుసార్లు చెప్పుకున్నాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి మేం అనసూర్య మేడం దగ్గరికి పోయాం. ఊళ్లో పేరున్న వకీలు, కోపిష్టి. ఆమె లెటరు నకలు చదివి తల పట్టుకుంది.

"ఎవరు రాయించిన్రు ఇది?"

బాపు మెల్లగా చెయ్యెత్తాడు, మా బడిలో హోంవర్కు చేయని పిల్లవాడు ఎత్తినట్టు.

"ఉరితాడు అమ్ముకునేటోడు గూడ ఇంత గట్టిగ పేనడు పెద్దాయనా" అంది ఆమె. తిట్టిందని గానీ మంచి మనిషే. ఆకాశ్ మీద ఉన్న సాక్ష్యమంతా ఆ లెటరే అని విడమర్చి చెప్పింది. వాడి పేరు మీద ప్రోగ్రాం ఎక్కడం తప్పు కాదు, అది వాడి పని. మార్చి ఎక్కించానని, ఎవరూ చెప్పలేదని వాడే రాసిచ్చాడు గనక చిక్కు. ఆ మాటలు వాడివి కావు, బాపువి, అవి బాయి మీద ఎవరికైనా రాసే మాటలు అని కోర్టు నమ్మితే వాడు బయటపడతాడు. నమ్మకపోతే జైలు. కాబట్టి బాపు సాక్ష్యం చెప్పాలి.

బాపు ఆ రోజు కోసం తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. ఆయన చర్చిలో సంఘపెద్ద. ప్రతి ఆదివారం ముందు వరుసలో కూర్చునే మనిషి. దేవుని ఎదుట నిజం చెప్తాను అని ప్రమాణం చేసేటప్పుడు ఆయన గొంతు గుడిలో ప్రార్థన చేసినట్టే ఉంది. అనసూర్య మేడం అడిగినవాటికి చక్కగా చెప్పాడు. జగదీశ్వర్ ఇంటికి వచ్చిన సంగతి, వార్నింగుతో అయిపోతుందన్న సంగతి, లెటరులో ప్రతి మాటా తను చెప్తే వాడు రాసిన సంగతి. జడ్జిగారు తలెత్తి వినడం చూశాను.

అప్పుడు కార్ల కంపెనీ వకీలు లేచాడు. హైదరాబాద్ మనిషి. గొంతు పెంచడు, నవ్వుతూ మాట్లాడతాడు.

"పెద్దాయనా, మీరు ఇట్లాంటి ఉత్తరాలు చాలామందికి రాయించారట కదా?"

"లెక్కలేదు సార్" అన్నాడు బాపు. ఆ మాటలో కొంచెం గర్వం ఉంది. కోర్టులో కూడా.

"మీ దగ్గరికి వచ్చినవాళ్లలో తప్పు చేయనివాళ్లకు కూడా, తప్పు చేశామని రాయించారా?"

అనసూర్య మేడం కలం ఆగింది. అవును అనాలి. అలవాటు సార్, ఎవరొచ్చినా అదే రాయిస్తాను, చేశారా లేదా అని నేను చూడను. ఆ ఒక్క మాట చాలు. నిన్ననే ఆమె దీన్ని పదిసార్లు చెప్పింది. బాపు తలూపాడు కూడా. కానీ ఇప్పుడు ఆయన జవాబు చెప్పడం లేదు, గుర్తు చేసుకుంటున్నాడు. ఆయన కళ్లు చూస్తే నాకు తెలిసిపోయింది. మా గడపలో కూర్చుని రాసుకుపోయిన ఒక్కొక్కడి ముఖాన్నీ తలుచుకుంటున్నాడు. జాతరకు పోయినవాణ్ని, కల్లుకు పోయినవాణ్ని, భార్య పురిటికి పోయినవాణ్ని. ప్రమాణం చేశాడు కదా, నిజం వెతుకుతున్నాడు. నాకు లేచి అరవాలనిపించింది.

"లేదు సార్" అన్నాడు. "మా ఇంటికొచ్చినోళ్లు నిజంగ నాగా పెట్టినోళ్లే. తప్పు చెయ్యనోనితోని తప్పయిందని ఎట్ల రాపిస్త?"

"అంటే మీ జన్మలో మీరు రాయించిన అబద్ధపు ఉత్తరం, మీ అబ్బాయిది ఒక్కటే."

"అవు సార్. గదొక్కటే."

వకీలు జడ్జిగారి వైపు తిరిగి, "అంతే సార్" అని కూర్చున్నాడు. ఎవరూ గట్టిగా నవ్వలేదు. వెనక బెంచీలో ఒకతను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆకాశ్ నేల చూస్తూ నిలబడ్డాడు. సాక్ష్యం అయిపోయి దిగివచ్చిన బాపు మాత్రం ముఖం తేలికపడి ఉన్నాడు. అంతా ఉన్నదున్నట్టు చెప్పానన్న తృప్తి. అనసూర్య మేడం ఆయన్ని తిట్టలేదు. ఆమె తిట్టకపోవడం చూసే నాకు భయమేసింది.

తర్వాతి వాయిదాకు జగదీశ్వర్ వచ్చాడు. సన్నబడ్డాడు, మంచి బూట్లు వేసుకున్నాడు. తనకేమీ తెలియదని, ఆకాశ్ ఇంటికి పోయింది నిజమే గానీ ఓదార్చడానికి పోయానని చెప్పాడు. బాపు వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూసి ఉంటే బాపు నమస్తే పెట్టేవాడే. అంత అమాయకత్వాన్ని భరించడం మనిషికి చాలా కష్టం.

ఈలోగా సంగతి సంఘంలో పాకింది. ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు బాపును లేపి నిలబెట్టారు. కన్నకొడుకు కోసమైనా అబద్ధమాడని సాక్షి మన మధ్య ఉన్నాడు అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. బయటికి వచ్చాక ఆడవాళ్లు మా అమ్మ చేతులు పట్టుకుని, ఎంత ధన్యురాలివమ్మా అన్నారు. అమ్మ చేతులు విడిపించుకుంది.

"నా కొడుకును మింగిన సత్యం గది. మీకు గంత ముద్దయితే మీ ఇంట్ల పెట్టుకోన్రి."

ఆ రోజు నుంచి అమ్మ గుడికి రాలేదు. బాపు ఒక్కడే పోయి, ముందు వరుస వదిలి గోడ పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు. అప్పటికి ఆయనకు కొంచెం కొంచెంగా అర్థమవుతున్నట్టుంది. నేను అన్నం వడ్డించేదాన్ని, మాట్లాడేదాన్ని కాదు. తండ్రితో అట్లా ఉండకూడదని నాకు తెలుసు. తెలిసీ ఉన్నాను.

తీర్పు రోజు ఎండ మండిపోతోంది. కార్ల కంపెనీకి నేరంతో సంబంధం ఉన్నట్టు రుజువు కాలేదన్నారు. వర్క్‌షాపుల మీద అజమాయిషీ సరిగ్గా ఉంచుకోమని హెచ్చరించి వదిలేశారు. వార్నింగు వచ్చింది చివరికి, రావలసినవాడికి రాలేదు. ఆకాశ్‌కు నాలుగేళ్లు. చేసినది తనే ఒప్పుకున్నాడని, తప్పు చేసినవాళ్లకే రాయిస్తానని తండ్రే చెప్పాడు గనక ఆ ఒప్పుకోలును అబద్ధమనడానికి సరైన ఆధారం లేదని జడ్జిగారు చదివారు. పై కోర్టుకు పోదామని అనసూర్య మేడం అమ్మ భుజం మీద చెయ్యి వేసింది. అమ్మ ఆ చేతిని చూసింది.

కోర్టు బయట వ్యాను దగ్గర కానిస్టేబులు కాసేపు ఆగనిచ్చాడు. ఆకాశ్ నాకు తన వాచీ, ఫోను ఇచ్చాడు. అమ్మను మందులు మరిచిపోవద్దన్నాడు. ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. బాపు దూరంగా నిలబడి ఉంటే వాడే పిలిచాడు.

"బాపూ, ఒకటడుగుతా. నన్ను ఇరికియ్యడానికి వచ్చిన అబద్ధం, నన్ను కాపాడెటప్పుడు ఎందుకు రాలే?"

బాపు దగ్గరికి వచ్చి వాడి చెయ్యి పట్టుకున్నాడు. ఆయన చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది.

"అది అబద్ధమని నేననుకోలే బిడ్డా" అన్నాడు. "అందరం ఊకె రాసుకునేదే గదా అనుకున్న. గది నిజమని చదివేటోళ్లుంటరని నాకు తెల్వది."

ఆకాశ్ తలూపాడు. కానిస్టేబులు వాణ్ని ఎక్కించి తలుపు వేశాడు.